తగ్గించుకున్నారా, అలిగారా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. గాజువాక దగ్గర ఉంటాం. షిఫ్టు డ్యూటీ. మా సంఘంలో 14 ఏళ్లుగా కాయర్ (పాటల బృందం) నడిపించాను. రెండేళ్ల కిందట ఒక కుర్రోడు చేరాడు. కీబోర్డు బాగా వాయిస్తాడు. మొన్న క్రిస్మస్ పాటలన్నీ పాస్టరు గారు అతనికే అప్పజెప్పారు. ప్రాక్టీసులో పట్టలేక "కీర్తనకి తాళం తెలీనోడు కాయర్ నడపడమేటి" అని అందరి ముందూ అనేశాను. ఆ మర్నాటి నుంచి తగ్గించుకుని పక్కకు తప్పుకున్నాను. ఆదివారం వెనక వరసలో కూర్చుని వచ్చేస్తున్నాను. ఎవరితోనూ గొడవ లేదు, కానీ లోపల మంట చల్లారలేదు. నా 14 ఏళ్ల కష్టం ఇంకొకరి పేరు మీదికి పోయింది. రాగాలు, ఎత్తుగడలు రాసుకున్న నా నోటుబుక్కు బీరువాలో పెట్టేశాను. కావాలంటే అతనే వచ్చి అడగాలి. మా ఇంటావిడ వెళ్లి క్షమాపణ అడగమంటోంది. నాకంటే 20 ఏళ్లు చిన్నవాణ్ని అడగాలా? ఇంకో సంగతి, నేను కమిటీలోనూ ఉన్నాను. క్రిస్మస్ టెంటు, సౌండు ఖర్చులకి బిల్లులు సరిగ్గా లేవు. తగ్గించుకోవాలి కదా అని నోరు మెదపలేదు. నేను చేసింది సరైనదేనా?
– ఒక సోదరుడు, విశాఖపట్నం

జవాబు:

సోదరా, వందనాలు.

బిల్లుల దగ్గర నోరు మూసుకోవడం మాత్రం సరైనది కాదు. ఆ సంగతికి తర్వాత వద్దాం. ముందు పాటల సంగతి.

"తగ్గించుకుని పక్కకు తప్పుకున్నాను" అని రాశారు. తగ్గించుకోవడం వేరు, తప్పుకోవడం వేరు. మన వైపు పెళ్లిళ్లలో అలకపాన్పు చూసే ఉంటారు. పెళ్లికొడుకు ఎవరినీ తిట్టడు, గొడవ పెట్టుకోడు, ఊరికే ఎక్కి కూర్చుంటాడు. మామగారు వచ్చి చేతిలో ఏదో ఒకటి పెడితే గాని దిగడు. పైకి మౌనం, లోపల బేరం. వెనక వరసలో మీ కుర్చీ కూడా ఇప్పుడు అలాంటి పాన్పే. పాస్టరు గారు వచ్చి "మీరు లేకపోతే కాయర్ లేదండీ" అనాలి, అతను వచ్చి నోటుబుక్కు అడగాలి. కాదంటారా? మరి ఆ పుస్తకం బీరువాలో ఎందుకుంది?

లూకా 15లో, తప్పిపోయి తిరిగొచ్చిన తమ్ముడి కోసం తండ్రి విందు చేస్తే పెద్ద కొడుకు చేసిందీ ఇదే. పొలం నుంచి వస్తుంటే ఇంట్లోంచి వాద్యాల చప్పుడు వినబడింది. సంగతి కనుక్కున్నాడు, కోపం వచ్చింది, లోపలికి వెళ్లలేదు. తిట్టి వెళ్లిపోనూ లేదు, గుమ్మం బయటే నిలబడ్డాడు. తండ్రే బయటికొచ్చి బతిమాలాల్సి వచ్చింది. అప్పుడు అతను విప్పింది లెక్కల చిట్టా: ఇన్నేళ్లు నిన్ను సేవించాను, నీ మాట ఎన్నడూ మీరలేదు, నాకు ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదు. మీ 14 ఏళ్ల లెక్క ఆ చిట్టాలో మరో పద్దు.

ఆ వచనాల్లోనే ఇంకొకటుంది. పెద్దవాడు "నా తమ్ముడు" అనడు, "నీ కుమారుడు" అంటాడు. తండ్రి జవాబిస్తూ "నీ తమ్ముడు" అని సరిదిద్దుతాడు. మీ ఉత్తరం పూర్తి ప్రతిలో పాస్టరు గారి పేరుంది, తబలా వాయించే ఆయన పేరూ ఉంది (అచ్చులో తీసేశాం). ఆ తమ్ముడి పేరు మాత్రం ఎక్కడా లేదు, అన్నిచోట్లా "ఆ కుర్రోడు" అనే ఉంది. ఈ రాత్రి ప్రార్థనలో అతని పేరు పెట్టి, అతని చదువో ఉద్యోగమో ఏదో ఒక నిజమైన అవసరం కోసం ప్రార్థించండి. పేరు నోటికి రావడమే కష్టమైతే జబ్బు ఎక్కడుందో మీకే తెలిసిపోతుంది.

ఇక తగ్గించుకోవడం అంటే ఏమిటి? మన సంఘాల్లో దీన్ని మాటల్లో వెతుకుతారు. మైకు పట్టుకోగానే "నేను అల్పుణ్ని, మంటివాణ్ని, నాదేమీ లేదు, అంతా ప్రభువే" అంటారు. ఎదుటివాడు "అవునన్నా, నిజమే, మీదేమీ లేదు" అన్నాడనుకోండి, ఆ వినయం ఎంతసేపు నిలబడుతుందో చూడాలి! కొలొస్సయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో పౌలు అతి వినయం చూపించేవాళ్ల గురించి హెచ్చరించాడు. ఆ వినయం లోపల ఉబ్బిపోయిన మనసుంటుందనీ చెప్పాడు.

యోహాను 13 తెరిచి 4, 5 వచనాల్లో క్రియలు లెక్కపెట్టండి. యేసు లేచాడు, పైవస్త్రం పక్కన పెట్టాడు, తువాలు తీసుకుని నడుముకు కట్టుకున్నాడు, పళ్లెంలో నీళ్లు పోశాడు, శిష్యుల పాదాలు కడిగాడు, తుడిచాడు. "నేను అల్పుణ్ని" అన్న మాట ఒక్కటీ లేదు. పైగా 3వ వచనం చెబుతోంది, తండ్రి సమస్తం తన చేతికి అప్పగించాడని ఆయనకు తెలుసు. తెలిసే తువాలు కట్టుకున్నాడు. యూదా ఆ గదిలోంచి బయటికి వెళ్లింది 30వ వచనంలో, అంటే అప్పగించబోయేవాడి పాదాలు కూడా కడిగించుకున్నవాటిలోనే ఉన్నాయి.

అందుచేత మీకు రాగాలు తెలియవని నటించక్కర్లేదు. తెలుసు. ఆ సంగతి సంఘమంతటికీ తెలుసు. ఆ తెలివిని మీరు ఎవరి పాదాల దగ్గర పెడుతున్నారన్నదే ప్రశ్న. యేసు తగ్గించుకుని దగ్గరికి వచ్చాడు. మీరు తగ్గించుకున్నానని దూరం వెళ్లారు.

చిన్నవాణ్ని క్షమాపణ అడగాలా అంటే, అడగాలి. పెద్దరికం అడ్డొస్తే 1 పేతురు 5:5 చూడండి. "చిన్నవాళ్లు పెద్దలకు లోబడాలి" అనే మొదటి సగం మన పెద్దలందరికీ కంఠతా వచ్చు. అదే వచనం రెండో సగంలో "మీరందరు" అని మొదలుపెట్టి ఒకరిపట్ల ఒకరు దీనమనస్సనే వస్త్రం కట్టుకోమంటాడు పేతురు. అందరిలో పెద్దలూ ఉన్నారు. ఆ రాత్రి తువాలు కట్టుకున్నాయన తన పాదాలు కడుగుతుంటే వద్దన్నవాడు ఆ మాట రాశాడు.

క్షమాపణ సరిగ్గా అడగడం ఒక పని. ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే గనక కొంచెం వివరంగా చెబుతాం.

ముందు ఒక కాగితం తీసుకుని మీరు చేసింది మాత్రమే రాయండి. రోజు, చోటు, అన్న మాట, ఎవరెవరు విన్నారు. రాశాక దాంట్లో "కానీ", "అయితే", "నిజానికి", "నీకు బాధ కలిగి ఉంటే" అన్న మాటలుంటే కొట్టేయండి. "బాధ కలిగి ఉంటే" అన్న మాట తప్పును మీ నోటి మీంచి అతని చెవి మీదికి తోసేస్తుంది. మిగిలేది నాలుగు వాక్యాలు మించదు. ఇదిగో ఇలా:

"తమ్ముడూ, ఆ రోజు ప్రాక్టీసులో అందరి ముందూ నీకు తాళం తెలీదన్నాను. అది తప్పు. నీ మీద అసూయతో అన్నాను. నన్ను క్షమించు."

మూడో వాక్యమే గొంతులో అడ్డం పడుతుంది. "కోపంతో అన్నాను" అని మార్చాలనిపిస్తుంది, కోపమంటే ఎంతో కొంత న్యాయం మన వైపున్నట్టు వినిపిస్తుంది గనక. మార్చకండి.

వాట్సాప్‌లో పంపకండి. ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వెతుక్కుంటూ నాలుగు మాటలు అనేసి రాకండి. వాళ్లింటికి కూడా వద్దు. పెద్దాయన వచ్చాడని వాళ్లమ్మగారు కంగారుపడి టీ పెడతారు, అందరూ చుట్టూ చేరతారు, మర్యాదల్లో మాట మునిగిపోతుంది. శనివారం ప్రాక్టీసుకి అరగంట ముందు రమ్మనండి, చర్చి వెనకో, వరండాలోనో, ఇద్దరే. నైట్ షిఫ్టు దిగి వచ్చిన రోజు మాత్రం పెట్టుకోకండి. నిద్ర లేని నోరు రెండో వాక్యం దగ్గరే వాదనకి దిగుతుంది.

మీరు మొదలుపెట్టగానే అతను "అయ్యో, అలా అనకండి అన్నా, మీరు పెద్దవారు" అంటూ చేతులు పట్టుకుంటాడు. మన పెంపకం అలాంటిది. చాలా క్షమాపణలు అక్కడితో ఆగిపోతాయి. ఇద్దరూ నవ్వేసి టీ తాగుతారు, చెప్పాల్సిన మాట లోపలే ఉండిపోతుంది, నెల తిరిగేసరికి మళ్లీ మొదలు. "వద్దు తమ్ముడూ, నన్ను పూర్తి చెయ్యనివ్వు" అని నాలుగు వాక్యాలూ చెప్పండి. చెప్పాక ఆగిపోండి. 14 ఏళ్ల కథ ఎత్తకండి, పాస్టరు గారు చేసింది న్యాయమా అని అడగకండి, కన్నీళ్లొస్తే రానివ్వండి గాని అతను మిమ్మల్ని ఓదార్చే పరిస్థితి తేకండి. అతను ఏమీ అనకపోయినా, "సరేలెండి" అని ముక్తసరిగా అని ఊరుకున్నా అది అతని ఇష్టం. క్షమించడానికి ఎంత సమయం పడుతుందో గడువు పెట్టే హక్కు అడిగేవాడికి లేదు.

అదే సాయంత్రం ప్రాక్టీసు మొదలయ్యే ముందు కాయర్ అందరి ముందూ రెండు వాక్యాలు చెప్పండి. తప్పు ఎంతమంది విన్నారో దిద్దుబాటూ అంతమంది వినాలి, వాళ్లకంటే ఎక్కువమంది కాదు. ఆదివారం సాక్ష్యం చెప్పే సమయంలో మైకులో మాత్రం చెప్పకండి. అక్కడ సంఘమంతా "ఆహా, ఎంత తగ్గింపు!" అంటుంది. క్షమాపణ కాస్తా మీ వినయానికి సన్మానసభ అయిపోతుంది, ఆ తమ్ముడు అందులో ఒక పాత్రధారిగా మిగులుతాడు. మత్తయి 5:24లో కానుకను బలిపీఠం దగ్గరే వదిలి వెళ్లి ముందు సహోదరుడితో సమాధానపడమన్నాడు ప్రభువు. సమాధానపడటం కోసమని అతన్ని బలిపీఠం ముందుకు పిలిపించమనలేదు.

తర్వాతేమిటి? మళ్లీ కాయర్‌కి వెళ్లండి. నడిపించడానికి కాదు, పాడటానికి. కష్టమైన భాగం ఇదే, క్షమాపణ ఒక్క సాయంత్రంతో అయిపోతుంది గాని ఇది వారం వారం ఉంటుంది. ఎదురయ్యేవి ముందే తెలిస్తే కాస్త నయం. అతను కీర్తనని మీ అలవాటుకంటే వేగంగా ఎత్తుకుంటాడు. మీ కాలు తెలియకుండానే పాత లయకి తాళం వేస్తుంది, పక్కవాళ్లు మీ కాలు చూసి పాడతారు, పాట రెండుగా చీలుతుంది. అందుకని కొన్నాళ్లు కాలు కదపకండి. నవ్వకండి, నిజంగానే చెబుతున్నాం. పాట మధ్యలో అతని వైపు చూసి తల అడ్డంగా ఊపకండి. దిద్దాల్సింది ఉంటే వారానికి ఒకటే, అదీ ఒంటరిగా, ఆదివారానికి ముందే. మాటల్లో తప్పు, అంటే చరణం తారుమారవడం, పదం మారి అర్థం చెడటం ఉంటే తప్పకుండా చెప్పండి. వేగం, శ్రుతి, కీబోర్డులో వచ్చే రిథమ్ – ఇవి అభిరుచి సంగతులు, వదిలేయండి.

పాటతోపాటు ఒక చిన్న పని కూడా అడిగి తీసుకోండి, ఎవరూ చూడనిది. వైర్లు చుట్టి పెట్టడం, పాటల కాగితాలు జిరాక్స్ తీయించడం, ప్రాక్టీసయ్యాక దూరం నుంచి వచ్చే అమ్మాయిలను ఇంటి దగ్గర దింపే ఏర్పాటు చూడటం. ఆరాధనకి పది నిమిషాల ముందు, అందరూ వస్తున్నప్పుడు చీపురు పట్టుకోవడం మాత్రం వద్దు. చీపురు కూడా ఒక్కోసారి మైకే.

మొదటి రెండు మూడు వారాలు మనసు తేలికగా ఉంటుంది. ఆ తర్వాత ఎవరో ఒక ఆంటీ మీ ముందే "ఈ బాబు వచ్చాక పాటలు ఎంత బాగుంటున్నాయో" అంటారు. పాత మంట భగ్గుమనేది అప్పుడే. అప్పుడు చేయాల్సిన పని ఒకటుంది: అతను నిజంగా బాగా చేసిన ఒక్క విషయం, పేరు పెట్టి, ఆవిడకే చెప్పండి. "అవునండి, రెండో చరణంలో ఆడపిల్లలకి వేరే వరస పెట్టాడు, అది నాకెప్పుడూ తట్టలేదు" అన్నట్టు. ఊరికే "దేవుడికే మహిమ" అనేసి తప్పించుకోకండి. మన సంఘాల్లో అసూయని కప్పడానికి ఆ మాట వాడినంతగా ఇంకేదీ వాడం.

ఇంకొక హెచ్చరిక. "తన్ను తాను తగ్గించుకొనువాడు హెచ్చింపబడును" అన్న వాక్యాన్ని పెట్టుబడిలా చదవకండి. క్షమాపణ అడిగితే ఈస్టర్ నాటికి కాయర్ తిరిగి నా చేతికి వస్తుందని లోపల ఆశ ఉంటే అది అలకపాన్పుకి ఇంకో మెట్టు. రాకపోవచ్చు. హెచ్చించేది ఎవరో, ఎప్పుడో, ఎక్కడో ఆ వచనం చెప్పలేదు.

"కష్టం ఇంకొకరి పేరు మీదికి పోయింది" అన్న మీ బాధని కొట్టిపారేయడం లేదు. కానీ మీరున్న ఊరినే చూడండి. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు లండన్ మిషనరీలు విశాఖపట్నంలో దిగారు. తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి సాయంతో సువార్తలను తెలుగు చేసే పని మొదలుపెట్టారు. క్రాన్ 1809లో పోయారు. డెస్ గ్రాంజెస్ 1810లో పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. ఆ పుస్తకాన్ని వాళ్లిద్దరిలో ఒక్కరూ కళ్లతో చూడలేదు. మీ కాయర్‌లో ఎంతమందికి ఆ పేర్లు తెలుసో అడిగి చూడండి. నేను నాటాను, అపొల్లో నీళ్లు పోశాడు, పెంచింది దేవుడు అని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆ తమ్ముడి పాటకి గొంతు కలిపే ఆ పదిమందికి శ్రుతి పట్టడం నేర్పింది మీరే. ఆ పని పోలేదు, ప్రతి ఆదివారం వినిపిస్తూనే ఉంది. దాని మీద మీ పేరు వినిపించదు, అంతే.

ఇప్పుడు బిల్లులు. తగ్గింపు అంటే నోరు మూసుకోవడం కాదు. ఫిలిప్పీ చెరసాలలో అధికారులు గుట్టుగా వెళ్లిపొమ్మంటే పౌలు ఒప్పుకోలేదు. విచారణ లేకుండా బహిరంగంగా కొట్టించారు కదా, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలన్నాడు. అదే పౌలు ఫిలిప్పీ సంఘానికి ఒకరినొకరు తమకంటే యోగ్యులుగా ఎంచుకోమని రాశాడు. యేసు కూడా బంట్రోతు చెంపమీద కొట్టినప్పుడు "నన్నేల కొట్టుచున్నావు?" అని అడిగాడు. మీకు జరిగిన అవమానం మింగడం మీ ఇష్టం. సంఘం డబ్బు మీది కాదు గనక దాని విషయంలో మింగే హక్కు మీకు లేదు. కానుకల సంగతిలో ఎవరూ తప్పు పట్టకుండా జాగ్రత్తపడుతున్నామని, దేవుడి దృష్టికే కాదు మనుషుల దృష్టికీ సరిగ్గా ఉండాలని పౌలు 2 కొరింథీ 8లో రాశాడు. ఆ డబ్బు మోయడానికి ఒక్కణ్ని కాక కొందరిని కలిపి పంపాడు కూడా.

ఏ ఖర్చు, ఎంత, ఏ తేదీ, ఏ కాగితం లేదు – ఇంతవరకే రాసుకుని ముందు ట్రెజరర్ గారిని ఒంటరిగా కలవండి. టెంటువాళ్లు, సౌండువాళ్లు చాలామంది బిల్లివ్వరు, అది దొంగతనమే కానక్కర్లేదు. డబ్బు తీసుకున్నవాళ్ల సంతకంతో వోచర్ రాయించి, కమిటీలో ఇద్దరు సంతకం పెడితే లెక్క నిలబడుతుంది. ఆయన పట్టించుకోకపోతే మత్తయి 18లో చెప్పినట్టు ఇంకొకరినో ఇద్దరినో తీసుకెళ్లండి, ఆ తర్వాతే కమిటీ మినిట్స్‌లోకి. ఈ రెండు పనులూ ఒకే వారం పెట్టుకోకండి. క్షమాపణ ముందు. సౌండు పెట్టించింది ఆ తమ్ముడే అయితే మాత్రం ప్రశ్న మీ నోటి వెంట రాకూడదు, కమిటీలో ఇంకొకరిని అడగమనండి. మీ మనసు ఎంత శుభ్రంగా ఉన్నా అది పగ అనే వినిపిస్తుంది.

నోటుబుక్కు మిగిలింది. గుడ్ ఫ్రైడేకి ముందుండే శ్రమకాలం వస్తోంది. గుడ్ ఫ్రైడే నాడు ధ్యానించే, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలకి, మాటకో పాట చొప్పున ఏడు పాటలు కావాలి. ఆ రోజు పాడేవి ఎక్కువగా పాత కీర్తనలే. పాతకాలపు కీర్తనకారుడు పురుషోత్తమ చౌదరి గారి కాలం నుంచి వస్తున్నవీ వాటిలో ఉంటాయి. కీర్తనల పుస్తకంలో పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి గాని, ఎత్తుగడ ఎక్కడ, ఏ పదం దగ్గర ఊపిరి తీయాలి, ఏ చరణం తగ్గించి పాడాలి అన్నవి అందులో ఉండవు. అవి మీ పుస్తకం మార్జిన్లలో ఉన్నాయి. అతను అడిగేదాకా ఆగకండి. పుస్తకం మొత్తం జిరాక్స్ తీయించండి. అసలుది అతనికిచ్చి జిరాక్స్ మీరుంచుకోండి. పెన్సిల్ గుర్తులు జిరాక్స్‌లో సరిగ్గా పడవు, వాటి అవసరం ఇప్పుడు అతనిదే. ఇచ్చేముందు మొదటి పేజీలో మీ పేరు కింద అతని పేరు కూడా రాయండి. ఇంటిపేరు తెలియకపోతే అతన్నే అడగండి.